పసిదేహం, మందు, ధర్మసందేహం

నోటి ద్వారానో సూది ద్వారానో ఒంట్లోకి వెళ్లిన మందుకు నాలుగు మజిలీలుంటాయి. రక్తంలోకి ఇంకడం, శరీరమంతా సర్దుకోవడం, కాలేయంలో రూపు మారడం, చివరికి మూత్రంలోనో మలంలోనో బయటపడటం. పెద్దవారిలో ఈ నాలుగూ ఏళ్ల తరబడి దాదాపు ఒకే తీరున నడుస్తాయి. పుట్టిన బిడ్డలో మాత్రం వారం వారం, ఒక్కోసారి రోజు రోజూ మారుతుంటాయి. అదీ నాలుగూ ఒకే వేగంతో కాదు. కాబట్టి పెద్దల మోతాదును బరువు చొప్పున భాగించి ఇస్తే చాలన్న లెక్క చాలాసార్లు తప్పుతుంది. ఎంత తప్పుతుందో తెలియాలంటే పిల్లల ఒంట్లోనే చూడాలి. చూడాలంటే మందు ఇచ్చి, నెత్తురు తీసి, కొలవాలి. ఆ పనికి సరేనని చెప్పే తెలివిడి గానీ, వద్దని చెప్పే నోరు గానీ ఆ బిడ్డకు లేవు. వైద్యుల లెక్కగా మొదలైన విషయం ఇక్కడ ధర్మసందేహంగా మారుతుంది.

పుట్టిన వెంటనే బిడ్డ కడుపులో ఆమ్లం దాదాపు ఉండదు. తర్వాత మెల్లగా ఊరుతుంది. పెద్దవారి స్థాయికి చేరడానికి రెండేళ్ల వరకు పట్టవచ్చు. ఆమ్లానికి విరిగిపోయే పెన్సిలిన్ లాంటి మందు ఈ కారణం వల్ల పసివారి రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. చర్మం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. పసివారి చర్మం పలచన, తడి ఎక్కువ. పైగా బరువుతో పోల్చి చూస్తే దాని విస్తీర్ణం పెద్దవారి కంటే రెండు మూడు రెట్లుంటుంది. 1972లో ఫ్రాన్స్‌లో ఒక టాల్కం పౌడరు తయారీలో హెక్సాక్లోరోఫిన్ అనే క్రిమినాశిని పొరపాటున 6 శాతానికి మించి కలిసింది. ఆ పౌడరు అద్దిన పసిపిల్లల్లో 36 మంది చనిపోయారు. వాళ్లెవరూ దాన్ని మింగలేదు. స్నానం చేయించి, ఒళ్లు తుడిచి, తొడల మడతల్లో అద్దిన పొడి చర్మం గుండా ఇంకి మెదడుకు చేరింది.

నవజాత శిశువు బరువులో నాలుగింట మూడొంతులు నీరే. పెద్దవారిలో అది 60 శాతం దగ్గర ఉంటుంది. నీటిలో కరిగే జెంటామైసిన్ అంత నీటిలో పలచబడిపోతుంది గనుక కిలో చొప్పున ఇచ్చే మోతాదు తగ్గించకూడదు, ఒక్కోసారి పెంచాలి. కానీ అదే బిడ్డ కిడ్నీలకు ఇంకా పూర్తిగా వడకట్టే శక్తి రాలేదు. శరీర విస్తీర్ణంతో సరిచూసినా పుట్టినరోజున వాటి వడపోత పెద్దవారిలో మూడో వంతైనా ఉండదు. రెండు వారాల్లో రెట్టింపవుతుంది, ఏడాది దాటాక పెద్దవారితో సమానమవుతుంది. కాబట్టి మోతాదు పెంచాలి, రెండు మోతాదుల మధ్య విరామమూ పెంచాలి. రెండు పనులూ ఒకే బిడ్డకు, ఒకే మందుకు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మొదట ఒకటిన్నర రోజుకోసారి పొడిచిన సూదిమందు కొన్నాళ్లకు రోజుకోసారికి మారుతుంది. బిడ్డ బరువు ఆ కొన్నాళ్లలో పెద్దగా పెరగకపోయినా సరే.

రక్తంలో మందును మోసుకు తిరిగే ఆల్బుమిన్ కూడా పసివారిలో తక్కువ. ఆ తక్కువ చోటు కోసం బిలిరుబిన్, అంటే పసికామెర్లకు కారణమైన పసుపు పదార్థం, మందుతో పోటీ పడుతుంది. ఈ సంగతి తెలిసిన తీరు గుర్తుంచుకోదగ్గది. న్యూయార్క్‌లో విలియం సిల్వర్‌మన్ అనే పసిపిల్లల వైద్యుడు, ఆయన సహచరులు నెలలు నిండని బిడ్డలకు జబ్బు సోకకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే రెండు మందుల పద్ధతులను పోల్చి 1956లో ఫలితం ప్రకటించారు. పెన్సిలిన్‌తో పాటు సల్ఫా మందు ఇచ్చిన బిడ్డల్లో చావులు ఎక్కువ. చనిపోయినవారి మెదడు లోపలి భాగాలు పసుపు రంగుకు తిరిగాయి. సల్ఫా మందు ఆల్బుమిన్ మీద చోటు ఆక్రమించి బిలిరుబిన్‌ను తోసేసింది, తోసేసిన బిలిరుబిన్ మెదడులో దిగింది. అప్పటికి ఆ మందు మేలే చేస్తుందని నమ్మి అందరూ వాడుతున్నారు. పోల్చి చూడకపోయి ఉంటే ఆ చావులన్నీ నెలలు నిండకపోవడం ఖాతాలోనే పడేవి.

మూడేళ్లకు క్లోరాంఫెనికాల్ వంతు వచ్చింది. 1949లో బజారుకొచ్చిన ఈ మందు టైఫాయిడ్‌కు గొప్పగా పనిచేసింది. తల్లి ఉమ్మనీరు ముందుగానే పోయినప్పుడు బిడ్డకు జబ్బు సోకుతుందన్న భయంతో నెలలు నిండని బిడ్డలకూ ముందుజాగ్రత్తగా ఇచ్చేవారు. మూడో రోజుకో నాలుగో రోజుకో కొందరు పాలు కక్కేవారు, పొట్ట ఉబ్బేది, ఊపిరి తడబడేది, ఒళ్లు చల్లబడి బూడిద రంగుకు తిరిగేది. కొన్ని గంటల్లో ప్రాణం పోయేది. లాస్ ఏంజెలెస్‌లోని ఒక పెద్దాసుపత్రి వైద్యులు బిడ్డలను నాలుగు గుంపులుగా చేసి పోల్చారు. ఏ మందూ ఇవ్వని గుంపులో చనిపోయినవారు 19 శాతం. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన గుంపులో 18 శాతం. క్లోరాంఫెనికాల్ ఇచ్చిన గుంపులో 60 శాతం. మూడూ కలిపి ఇచ్చిన గుంపులో 68 శాతం. కాలేయం ఈ మందుకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడించి బయటికి పంపాలి; ఆ జోడింపు చేసే ఎంజైము పుట్టిన కొత్తలో చాలా కొద్దిగా ఉంటుంది. పేరుకుపోయిన మందు కణాల్లో శక్తిని పుట్టించే భాగాలను స్తంభింపజేసింది.

పసికాలేయం అన్నింట్లోనూ వెనకబడే ఉంటుందనుకోవడమూ పొరపాటే. గర్భంలో పనిచేసే ఎంజైము ఒకటి పుట్టాక తగ్గి, దాని స్థానంలో మరొకటి లేస్తుంది. కెఫీన్‌ను విరగ్గొట్టే ఎంజైము మొదటి నెలల్లో దాదాపు నిద్రలో ఉంటుంది. పెద్దవారి రక్తంలో నాలుగైదు గంటల్లో సగానికి తగ్గే కెఫీన్‌కు నెలలు నిండని బిడ్డలో నాలుగు రోజులు పడుతుంది. పారాసెటమాల్‌కు సల్ఫేట్ జోడించే శక్తి మాత్రం పుట్టుకతోనే బాగుంటుంది, కాబట్టి ఆ మందు పసివారిలో మరో దారిన బయటపడుతుంది. ఇక ఏడాది దాటాక బొమ్మ తిరగబడుతుంది. ఒకటి నుంచి ఆరేళ్ల మధ్య పిల్లల కాలేయం, కిలో చొప్పున చూస్తే, పెద్దవారి కంటే చురుగ్గా మందులను ఖర్చు చేస్తుంది. మూర్ఛమందులు వాళ్లకు కిలో చొప్పున ఎక్కువ ఇవ్వాల్సి వచ్చేది అందుకే.

క్షయ మందుల కథలో ఈ తిరగబాటుకు చాలా పెద్ద వెల చెల్లించాల్సి వచ్చింది. దశాబ్దాల పాటు పిల్లలకు ఐసోనియాజిడ్ పెద్దవారి లెక్కనే కిలోకు 5 మిల్లీగ్రాములు ఇచ్చారు. పిల్లల రక్తంలో కొలిచి చూస్తే మందు పనిచేసే స్థాయికే చేరడం లేదని తేలింది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 10కి, రిఫాంపిసిన్‌ను 10 నుంచి 15కి, పైరజినమైడ్‌ను 25 నుంచి 35కి పెంచింది. క్లోరాంఫెనికాల్ బిడ్డ కళ్ల ముందే చనిపోయింది, గనుక విచారణ జరిగింది. మందు చాలక క్షయ ముదిరిన బిడ్డ విషయంలో ఎవరికీ అనుమానం రాలేదు, జబ్బే మొండిదనుకున్నారు.

మందుల లెక్కే ఇతర రసాయనాలకూ వర్తిస్తుంది, ఒక తేడాతో. మందును ఎవరో ఒకరు ఆలోచించి ఇస్తారు. రసాయనాన్ని ఎవరూ ఇవ్వరు, బిడ్డే నేల మీద పాకుతూ చేతులు నోట్లో పెట్టుకుంటాడు. మింగిన సీసంలో పెద్దవారి పేగులు పదో వంతు పీల్చుకుంటే పసివారి పేగులు సగం దాకా పీల్చుకోగలవు. నైట్రేట్లు కలిసిన బావినీటితో పాలపొడి కలిపి పట్టిస్తే నెలల బిడ్డ నీలం తిరుగుతుంది, ఎందుకంటే చెడిన హిమోగ్లోబిన్‌ను బాగుచేసే ఎంజైము ఆ వయసులో తక్కువ. పొలాల్లో చల్లే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులను విరగ్గొట్టే ఎంజైము కూడా తొలి ఏళ్లలో తక్కువే. ఫ్లోరైడ్ విషయంలో పెరిగే ఎముకే శత్రువు: ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌లో పెద్దవారి కంటే చాలా ఎక్కువ పాలు పిల్లల ఎముకల్లో, పళ్లలో నిలిచిపోతుంది. భారతదేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించింది 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పల్లెల్లో దాని గుర్తులు ఇప్పటికీ నడిచే మనుషుల కాళ్లలో కనిపిస్తాయి. 1996లో అమెరికా చేసిన ఒక చట్టం, పిల్లల మీద ప్రభావం తెలియని పురుగుమందుకు భద్రత పరిమితిని మరో పది రెట్లు బిగించాలంది. తెలియకపోవడాన్ని కూడా ఒక ప్రమాదంగా లెక్కగట్టిన అరుదైన చట్టమది.

పసిదేహం వేరే దేహమన్న ఎరుక కొత్తది కాదు. సుశ్రుత సంహిత శారీరస్థానం బిడ్డలను మూడు రకాలుగా చెబుతుంది: పాలు మాత్రమే తాగేవారు, పాలూ అన్నమూ తీసుకునేవారు, అన్నం తినేవారు. మొదటివారికి వేలి రెండు కణుపులకు అంటినంత, రెండోవారికి రేగుగింజంత, మూడోవారికి రేగుపండంత మందు. ఇక్కడ కొలత బిడ్డ బరువు మీద లేదు, ఏం తిని అరిగించుకుంటున్నాడన్న దాని మీద ఉంది. ఇంకో విశేషం, పాలు తాగే బిడ్డకు జబ్బు చేస్తే పాలిచ్చే తల్లికీ మందివ్వమంటుంది ఆ గ్రంథం. అలాగని పాతదంతా మేలిమి అనుకోనక్కర్లేదు. మాటలు తొందరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడం తెలుగు ఇళ్లలో ఉన్నదే; వసపిట్ట అన్న ముద్దుమాట అందులోంచే పుట్టింది. ఆ కొమ్ములోని బీటా అసరోన్ అనే పదార్థం ఎలుకల్లో కణుతులు పుట్టించడంతో 1968లో అమెరికా వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. ఉగ్గుగిన్నెలో పోసి పట్టిన వేపనూనె మలేసియాలో భారతీయ కుటుంబాల పసివారిని వాంతులు, మగత, ఫిట్స్‌తో ఆసుపత్రి పాలు చేసిన ఉదంతాలు వైద్యపత్రికల్లో ఉన్నాయి. ప్రేమతో ఇచ్చినంత మాత్రాన కాలేయం దారి ఇవ్వదు.

ఆధునిక మందుల చట్టాలు పిల్లల చావుల మీదే లేచాయి. 1937లో అమెరికాలో డైఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపిన సల్ఫా టానిక్ తాగి వందకు పైగా మంది, వారిలో చాలామంది పిల్లలు, చనిపోయాక 1938 చట్టం వచ్చింది. (అదే డైఇథిలీన్ గ్లైకాల్ 2022లో గాంబియాలోనూ 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలోనూ దగ్గుమందు సీసాల్లో మళ్లీ తేలింది.) థాలిడోమైడ్ అనే మందు వల్ల చేతులు కాళ్లు లేకుండా బిడ్డలు పుట్టాక 1962లో అమెరికా చట్టం మరింత గట్టిపడింది: మందు పనిచేస్తుందని పరీక్షలతో చూపితే తప్ప అమ్మకూడదు. దానికి కంపెనీలు కనిపెట్టిన సులువైన దారి, పిల్లల్లో పరీక్షించకుండా సీసా మీద 'పిల్లలకు సిఫారసు చేయలేదు' అని రాసేయడం. పిల్లల కోసం వచ్చిన చట్టం పిల్లలనే వదిలేసింది. హ్యారీ షర్కీ అనే వైద్యుడు 1960ల్లో ఈ పిల్లలను వైద్యానికి అనాథలన్నాడు. జబ్బు చేసిన బిడ్డ ఎదురుగా ఉంటే వైద్యుడు చేతులు కట్టుకు కూర్చోలేడు. ఆ మందే అంచనాతో ఇస్తాడు. పరీక్ష ఒక్కో బిడ్డ మీద విడిగా, రాతకోతలు లేకుండా జరిగిపోతుంది. దాన్ని ఎవరూ పరీక్ష అనరు.

నొప్పి మందుల ఉదంతం దీన్ని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. 1980ల నడిమి దాకా నెలలు నిండని బిడ్డలకు గుండె దగ్గర కోసి రక్తనాళం ముడివేసేటప్పుడు కూడా చాలా చోట్ల కండరాలు కదలకుండా చేసే మందు, దానితో కొంచెం నైట్రస్ ఆక్సైడ్ ఇచ్చి సరిపెట్టేవారు. పసివారికి నొప్పి అంతగా తెలియదన్న నమ్మకం ఒకటి, మత్తుమందు మోతాదు తెలియక ప్రాణం పోతుందన్న భయం ఒకటి. ఆక్స్‌ఫర్డ్‌లో కె.జె.ఎస్. ఆనంద్ అనే భారత సంతతి వైద్యుడు, ఆయన సహచరులు 16 మంది బిడ్డలతో చేసిన పరీక్ష 1987లో వెలువడింది. సగం మందికి ఫెంటనిల్ అదనంగా ఇచ్చారు, సగం మందికి అప్పటి వాడుకే. ఫెంటనిల్ అందని బిడ్డల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు ఎగసిపడ్డాయి, ఆపరేషన్ తర్వాత చిక్కులూ ఎక్కువయ్యాయి. ఆ ఎనిమిది మంది బిడ్డల సంగతి తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. కానీ ఆ గదికి బయట అదే కాలంలో, అదే పద్ధతిలో, ఎవరూ ఏమీ కొలవకుండా కోసిన బిడ్డలెందరో ఎవరి లెక్కలోనూ లేరు. మోతాదు తెలియదు గనుక మందివ్వకపోవడం ఏ పాపమూ అంటని పని కాదని అప్పటికి గానీ వైద్యలోకానికి తట్టలేదు.

తన మేలు కోసం కాక, తర్వాత పుట్టే బిడ్డల మేలు కోసం ఒక బిడ్డను కాస్తయినా ప్రమాదానికి గురిచేయవచ్చా? ఈ ప్రశ్న మీద 1970ల్లో ఇద్దరు క్రైస్తవ పండితులు గట్టిగా తలపడ్డారు. ప్రిన్స్‌టన్‌లో బోధించిన పాల్ రామ్సే మెథడిస్టు. రిచర్డ్ మెకార్మిక్ జెసూట్ ఫాదర్. రామ్సే 1970లో వెలువరించిన పుస్తకంలో కుదరదన్నాడు. తన ఒంటిని ఇతరుల కోసం ఇవ్వడం అనుమతి చెప్పగలిగినవాడి చేతిలో పని. ఆ అనుమతి ఇంకొకరు చెప్పేది కాదు. బిడ్డకు మేలు చేసే వైద్యమైతే తల్లిదండ్రులు ఒప్పుకోవచ్చు, మేలు లేని పరీక్షకు బిడ్డను ముట్టుకోవడమే అపరాధం. నాలుగేళ్ల తర్వాత మెకార్మిక్ బదులిచ్చాడు: సాటి మనుషుల మేలుకు, తనకు పెద్దగా కష్టం లేనంత వరకు, తోడ్పడటం ప్రతి మనిషి విధి, బిడ్డకు తెలివి వస్తే అలా చేయాల్సిందే గనుక చేస్తాననే అంటాడు, తల్లిదండ్రులు ఆ మాటను వాడి తరఫున పలుకుతున్నారు, అంతే.

భారత సంప్రదాయంలో ఈ తగవుకు దగ్గరగా వచ్చేది మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ. దొంగలు తన ఆశ్రమంలో దాగిన పాపానికి శూలానికి ఎక్కిన ఆ ముని, ఇంత శిక్ష ఏ తప్పుకని ధర్మదేవతను నిలదీస్తాడు. చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపుల్ల గుచ్చావు, దాని ఫలమని ధర్ముడి జవాబు. పసితనంలో చేసినదానికి ఇంత శిక్షా అని మాండవ్యుడు ఆయన్ను విదురుడిగా పుట్టమని శపించి, పద్నాలుగేళ్ల లోపు చేసినది పాపం కాదని హద్దు గీస్తాడు. పాపం అంటనివాడికి ఋణం మాత్రం ఎలా అంటుంది? లోకానికి తోడ్పడే విధి ఆ బిడ్డ మీద ఉందంటే, ధర్మం విషయంలో వాడిని పెద్దవాడిగా లెక్కగట్టినట్టే. రామ్సే పట్టుకున్న లోపమూ ఇదే. మోతాదు విషయంలో వైద్యులు చేసిన పొరపాటును, బిడ్డ అంటే తగ్గించి గీసిన పెద్దమనిషి అనుకోవడాన్ని, మెకార్మిక్ అంతరాత్మ విషయంలో చేశాడు.

అయితే రామ్సే దారి కూడా ఊరికి చేరదు. మేలు చేసే వైద్యమైతే సరే అన్నాడు. అది మేలు చేస్తుందో లేదో ఏ బిడ్డ మీదా చూడకుండా తెలిసేదెలా? సల్ఫా మందూ, క్లోరాంఫెనికాలూ మేలన్న నమ్మకంతో ఇచ్చినవే. ఈ ఇరుకు రామ్సేకు తెలియంది కాదు. తర్వాతి రోజుల్లో ఆయన అన్నదాని సారం: అలాంటి పరీక్ష చేయక తప్పదనుకున్నవారు అది తప్పేనని ఒప్పుకుని, ఆ బరువు మోస్తూ చేయాలి, తప్పే కాదని సిద్ధాంతం అల్లకూడదు. ఆపద్ధర్మం అనే మాట తెలిసినవారికి ఈ వైఖరి కొత్తగా అనిపించదు. ఈ తగవు మొత్తంలో నిజాయితీ ఎక్కువగా ఉన్న మాట ఇదేననిపిస్తుంది, చట్టం రాయడానికి ఏమాత్రం పనికిరాకపోయినా.

తల్లిదండ్రుల అంగీకారం ఉంటే చాలదా అన్న ప్రశ్నకు ఐతరేయ బ్రాహ్మణంలోని శునఃశేపుడి కథ కంటే కఠినమైన జవాబు లేదు. తన కొడుకు రోహితుణ్ని వరుణుడికి బలి ఇస్తానని మొక్కుకుని వాయిదాలు వేసిన హరిశ్చంద్రుడికి పొట్టలో నీరు చేరే జబ్బు వస్తుంది. రోహితుడు అడవిలో ఆకలితో ఉన్న అజీగర్తుడి కుటుంబాన్ని చూసి నూరు ఆవులకు ఒక కొడుకును అడుగుతాడు. పెద్దవాడిని తండ్రి వదలడు, చిన్నవాడిని తల్లి వదలదు. నడిమివాడు శునఃశేపుడు మిగులుతాడు. వాడిని కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే మరో నూరు ఆవులకు తండ్రే కడతాడు, ఇంకో నూరు ఆవులకు కత్తి నూరుకుంటాడు. ఇందులో తండ్రి అంగీకారం సంపూర్ణంగా ఉంది. ఒకరి జబ్బు నయం కావడానికి, ఒకరి బిడ్డ బతకడానికి, ఆకలిగొన్న ఇంటి బిడ్డ బదులు వెళ్లాడు. తండ్రి సంతకం కింద ఉన్నది ఆకలి.

బాల్టిమోర్‌లో 1990ల్లో జరిగిన సీసం పరిశోధన దాదాపు ఈ గీత మీదే నడిచింది. పాత ఇళ్ల గోడలకున్న సీసపు రంగును ఎంత ఖర్చుతో ఎంత మేరకు తీసేస్తే పిల్లలకు సరిపోతుందో తేల్చడానికి, ఇళ్లను రకరకాల స్థాయిల్లో బాగుచేసి, పసిపిల్లలున్న కుటుంబాలను వాటిలో ఉంచి, పిల్లల నెత్తురు మధ్యమధ్య పరీక్షించారు. కుటుంబాలు పేదవి, చాలావరకు నల్లజాతివి. ఆ పిల్లలు ఎలాగూ సీసం ఉన్న ఇళ్లలోనే పెరుగుతారు కదా అన్నది పరిశోధకుల సమాధానం. 2001లో మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఒప్పుకోలేదు. బొగ్గుగనుల్లో విషవాయువు పసిగట్టడానికి తీసుకెళ్లే పిట్టల్లా పిల్లలను వాడారంది. బిడ్డకు మేలు లేని, చెప్పుకోదగ్గ ప్రమాదమున్న పరిశోధనకు తల్లిదండ్రులు కూడా అనుమతి ఇవ్వలేరని తీర్పు చెప్పింది.

తెలుగు నేల మీద ఇదే చర్చ ఖమ్మం జిల్లాలో లేచింది. 2009లో ఒక అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోయాక దుమారం రేగింది, 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. టీకా మంచిదేనని ఆ తర్వాతి ఏళ్లలో లోకమంతా రుజువైంది. కానీ అంగీకార పత్రాలు తిరగేస్తే, హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికల తరఫున సంతకాలు చేసింది చాలావరకు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదైనంత మాత్రాన ఆ సంతకం మంచిదైపోదు. పరిశోధనకు పిల్లల్ని ఎంచుకునేటప్పుడు హాస్టలు దగ్గరగా, తల్లిదండ్రులు దూరంగా ఉండటం సౌకర్యం. ఆ సౌకర్యం ఉన్న చోట ఉండేది ఎప్పుడూ పేదపిల్లలే. బిడ్డ అనుమతి గురించి తత్వవేత్తలు ఎంత తలబద్దలు కొట్టుకున్నా, ఎవరి బిడ్డ అన్న ప్రశ్నే ఈ రెండు చోట్లా అసలు నష్టం చేసింది.

చట్టాలు చివరికి మధ్యదారి పట్టాయి. 1983 నాటి అమెరికా నిబంధనలు, బిడ్డకు నేరుగా మేలు లేని పరీక్షలో రోజువారీ జీవితంలో ఉండేంత ప్రమాదాన్ని, లేదా జబ్బు గురించి ముఖ్యమైన విషయం తెలిసేట్టయితే దానికి కొద్దిగా మించినదాన్ని మాత్రమే సాధారణంగా అనుమతిస్తాయి. 1997 నుంచి పిల్లల్లో పరీక్షించిన కంపెనీకి ఆరు నెలల అదనపు గుత్తహక్కు ఇచ్చారు, 2003లో పరీక్షను తప్పనిసరి చేశారు. 2007 నుంచి ఐరోపాలోనూ అలాంటి నియమాలే అమలవుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన బిడ్డ సమ్మతిని నోటిమాటగా, పన్నెండేళ్లు దాటినవారి సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోవాలి. తల్లిదండ్రుల సంతకం దీనికి అదనం, బదులు కాదు.

ఏడేళ్ల నియమం వల్ల పాలుతాగే బిడ్డకు ఒరిగేదేమీ లేదు. అక్కడ ధర్మం కొలతల రూపంలోకి దిగుతుంది. కిలో బరువుతో పుట్టిన బిడ్డ ఒంట్లో ఉండే నెత్తురు దాదాపు 85 నుంచి 90 మిల్లీలీటర్లు, టీగ్లాసెడు. పరిశోధన కోసం ఒక విడతలో అందులో 1 శాతానికి, నాలుగు వారాల్లో 3 శాతానికి మించి తీయకూడదని ఐరోపా మార్గదర్శకాలు చెబుతాయి. అంటే నెలకు చిన్న చెంచాలో సగం. పెద్దవారి పరీక్షల్లో ఒక్క పూటలోనే అంతకు ఎన్నో రెట్లు తీస్తారు. అందుకని ఒక్కో బిడ్డ నుంచి వేర్వేరు సమయాల్లో ఒకటి రెండు చుక్కలే తీసి, అందరివీ కలిపి గణితంతో ఒకే గీత గీస్తున్నారు. వైద్యం కోసం ఎలాగూ తీసిన నెత్తురులో మిగిలినదాన్ని, కాగితం మీద ఎండబెట్టిన చుక్కను వాడుతున్నారు. కాలేయం, కిడ్నీలు ఏ వారానికి ఎంత ఎదుగుతాయో తెలిసిన మేరకు ముందే కంప్యూటర్‌లో లెక్కగట్టి, మొదటి బిడ్డకు ఇచ్చే మోతాదును ఊహకు వదలకుండా చూస్తున్నారు. 1950ల్లో చావుల శాతాలతో తేలిన విషయాల్లో కొన్ని ఇప్పుడు సూదిమొనంత నెత్తురుతో తేలుతున్నాయి.

ఎదుగుతున్న మెదడు మీద దూరకాలంలో ఏం జరుగుతుందన్నది మాత్రం ఏ చుక్కలోనూ కనిపించదు. బిడ్డతో పాటు ఏళ్ల తరబడి నడవాల్సిందే. నెలలు నిండని బిడ్డలు ఊపిరి తీయడం మరచిపోకుండా 1970ల నుంచి కెఫీన్ ఇస్తున్నా, అది మెదడుకు మంచిదో చెడ్డదో రెండు దశాబ్దాలకు పైగా ఎవరూ సరిగా చూడలేదు. 1999లో మొదలైన అంతర్జాతీయ పరీక్షలో 2,006 మంది బిడ్డలను చేర్చి, సగం మందికి కెఫీన్, సగం మందికి ఉప్పునీరు ఇచ్చారు. కెఫీన్ అందినవారు కృత్రిమ శ్వాస నుంచి త్వరగా బయటపడ్డారు, పదకొండేళ్ల వయసులో పరీక్షిస్తే కదలికల లోపాలూ వారిలోనే తక్కువ. ఆ పదకొండో ఏటి పరీక్షకు వచ్చేసరికి వారు సమ్మతి అడగాల్సిన వయసు దాటి నాలుగేళ్లయింది. కిలో బరువున్నప్పుడు తల్లిదండ్రులను అడిగిన ప్రశ్నను ఇప్పుడు వారినే అడగాలి, రానన్నవారిని లెక్కలోంచి వదిలేయాలి.